దోసకాయ కోసి చూశాక

పని నేర్చినవాడికి ముందు గర్వం పోవాలి. అంకారావుకు ముందు భయం పోయింది.

అతడు దస్తగిరి మేస్త్రి దగ్గర హైడ్రాలిక్ ప్రెస్సుల పని నేర్చుకుంటున్నాడు. పంపుతో నూనెను గొట్టాల్లోకి తోసి, ఆ ఒత్తిడితో బండలంత బరువులు ఎత్తే యంత్రాలవి. పైపులు వంచడం, వాల్వులు బిగించడం, చెడింది ఎక్కడో చప్పుడు విని చెప్పడం, అన్నీ వచ్చేశాయి. అయినా మేస్త్రి అతణ్ణి ఒంటరిగా ఏ మిల్లుకూ పంపేవాడు కాదు.

నట్టు మీద పానా పెట్టే ముందు మేస్త్రి చేతులు వణికేవి. "ముసలాయన కీళ్లలో నూనె అయిపోయింది" అని అంకారావు చాటుగా నవ్వేవాడు.

ఒకరోజు పత్తి మిల్లులో బేళ్లు కట్టే ప్రెస్ ముందు నిలబడి అడిగేశాడు.

"మేస్త్రిగారూ, నన్ను ఒక్కణ్ణే ఎప్పుడు పంపుతారు? ఇప్పుడు నాకు ఏ ప్రెస్సన్నా భయం లేదు."

"ముందు దీని సంగతి చూడరా."

పైకెత్తిన ఇనుప దిమ్మ నిలవడం లేదు. మెల్లగా కిందికి జారుతోంది. నూనె కారుతోందేమో చూద్దామంటే నేలంతా దూది, మరక కనబడదు. నూనె వెళ్లే రబ్బరు గొట్టానికి, ఆ హోసుకు, ఎక్కడో సన్న చిల్లి పడిందని అంకారావు కనిపెట్టాడు. మోటారు తిరుగుతుండగానే, తడి ఎక్కడ తగులుతుందోనని అరచెయ్యి చాచి హోసు వెంట తడమబోయాడు.

మేస్త్రి అతని కాలరు పట్టి గుంజాడు. అంకారావు దూదిలో వెల్లకిలా పడ్డాడు.

"ఏంది మేస్త్రిగారూ, చంపుతారా!"

మేస్త్రి తన అన్నం సంచిలోంచి కీరదోసకాయ తీశాడు. దాన్ని పొడవాటి కర్ర చివర తీగతో కట్టి, దూరంగా నిలబడి హోసు వెంట జరిపాడు. ఒకచోట కాయ అదిరింది. వెనక్కి తీసి అంకారావు చేతిలో పెట్టాడు.

తొక్క మీద సూదిమొన గుచ్చినంత చుక్క.

"ఇంతేనా?" అన్నాడు అంకారావు.

"కొయ్యి."

కోశాడు. లోపల గింజల నుంచి తొడిమ దాకా నల్లటి నూనె. కండ గుజ్జైపోయింది.

అంకారావు తన అరచెయ్యి చూసుకున్నాడు.

మేస్త్రి మోటారు ఆపాడు. "హోసు విప్పు."

అంకారావు పానా పట్టుకుని నట్టు దాకా వెళ్లి ఆగిపోయాడు. తల ఎత్తి చూశాడు. మోటారు ఆగింది గానీ, దిమ్మ ఇంకా పైనే వేలాడుతోంది. దాని బరువంతా హోసులోని నూనె మీదే ఉంది.

వెనక్కి వచ్చాడు. చెక్కదిమ్మలు తెచ్చి ఇనుప దిమ్మ కింద ఊతం పెట్టాడు, తల మాత్రం దాని కిందికి పోనివ్వలేదు. నూనె వదిలే వాల్వు కొంచెం కొంచెంగా తిప్పాడు. దిమ్మ కిర్రుమంటూ చెక్కల మీద కూర్చుంది. ఒత్తిడి చూపే మీటరు ముల్లు సున్నాకు వచ్చేదాకా కన్ను తిప్పలేదు.

అప్పటికి గానీ పానా నట్టుకు తగిలించలేదు. అది టకటకా కొట్టుకుంటోంది.

"చేతులు ఆగడం లేదు మేస్త్రిగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ పనికి నేను పనికిరానేమో."

మేస్త్రి తన చెయ్యి చాపి అతని కళ్ల ముందు పెట్టాడు. అదీ వణుకుతోంది.

అంకారావు ఈసారి నవ్వలేదు.

"రేపు నరసరావుపేట మిల్లుకు నువ్వొక్కడివే వెళ్లు," అన్నాడు మేస్త్రి.