ఉలిగమ్మ మూడో కాగు

ఇది నేను చూసింది కాదు. మా అవ్వ చూసింది కాదు. మా అవ్వకు చెప్పిన అవ్వ కూడా చూసింది కాదు. అయినా మా వైపు ఎవరిని అడిగినా ఒకే రకంగా చెబుతారు, అందుకని నేనూ చెబుతున్నాను. ఊఁ కొడుతూ వినండి. ఊఁ ఆగితే కథా ఆగుతుంది.

అనగా అనగా, వానలు ఇప్పటికంటే నమ్మకంగా కురిసే రోజుల్లో, గచ్చకాయలపల్లె అని ఒక ఊరు ఉండేది. ఆ ఊరికి మూడు వీధులు. పై వీధి, నడి వీధి, కింది వీధి. తెల్లారితే పై వీధి ఆడవాళ్ళు వాకిళ్ళు ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గులు పెట్టేవాళ్ళు. నడి వీధివాళ్ళు అంతకంటే పెద్ద ముగ్గులు పెట్టేవాళ్ళు. కింది వీధివాళ్ళు అంతకంటే పెద్దవి పెట్టేవాళ్ళు. ఒకరికొకరు తగ్గేవాళ్ళు కాదు.

మరి ఊడ్చిన చెత్త ఎక్కడికి పోయేది? అదీ మీరు అడగాల్సిన మాట. పై వీధి చెత్తను వీధి చివరికి నెట్టేవాళ్ళు. నడి వీధి చెత్తను వీధి చివరికి నెట్టేవాళ్ళు. కింది వీధి చెత్తనూ అంతే. మూడు వీధుల చివరలూ కలిసేది మాత్రం ఒకటే కూడలిలో. అక్కడ దిబ్బ పెరిగి పెరిగి మనిషెత్తు అయింది. ఒక వీధి నుంచి ఇంకో వీధికి పోవాలంటే ముక్కు మూసుకుని, పంచె ఎగ్గట్టుకుని, ఆ దిబ్బ పక్కనుంచి పరుగు తీయాల్సిందే. అంత కంపులోనూ ఊరివాళ్ళు తమది శుభ్రమైన ఊరనే చెప్పుకునేవాళ్ళు.

ఒకనాటి పొద్దున ఆ ఊరికి ఒక మనిషి వచ్చింది. ఒక చీర కట్టుకుంది, ఒకటి మూట కట్టుకుంది, చేతిలో చీపురు పట్టుకుంది. పేరు ఉలిగమ్మ. ఏ ఊరి నుంచి వచ్చిందో తెలియదు. కరువుకు వచ్చిందని కొందరు, మొగుడు తరిమేశాడని కొందరు, ఉన్న ఒక్క కూతురూ పోయాక ఊరు వదిలేసిందని కొందరు చెబుతారు. మా అవ్వను అడిగితే, "యాడి నుంచి వస్తే నీకెందుకు? వచ్చింది గదా!" అని కసిరింది. నేను మళ్ళీ అడగలేదు.

ఆమె నడి వీధిలో ఊరి పెద్ద చెన్నప్ప అరుగు ముందు నిలబడింది.

"ఈ ఊర్లో కూలి చేసుకోని బతుకుతా సామీ."

"ఎవురి తాలూకమ్మా నువ్వు?" అన్నాడు చెన్నప్ప.

"నా తాలూకు ఎవురూ లేరు సామీ."

"ఎవురో ఒకరి తాలూకు గాని మనిషి మా ఊర్లో లేదే! ఏ వీధిలో ఉంటావు? ఏ ఇంటి మనిషివని చెప్పుకుంటావు?"

పై వీధిని అడిగారు. "మాకేం కాదు" అన్నారు. కింది వీధిని అడిగారు. "మాకూ ఏం కాదు" అన్నారు. నడి వీధి సరేసరి. ఉలిగమ్మ అటూ ఇటూ చూసింది. కూడలిలో దిబ్బ కనబడింది.

"ఆ జాగా ఎవురిది సామీ?"

"అది ఎవురిదీ గాదు."

"నేనూ ఎవురిదాన్నీ గాదు. ఆడనే ఉంటాలే."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కొంగు బిగించి చీపురు తిరగేసింది.

మొదటి నెలలో దిబ్బ నడుమెత్తు అయింది. రెండో నెలలో మోకాలెత్తు అయింది. మూడో నెల దాటేసరికి కూడలిలో నేల కనబడింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఆ నేలను అప్పుడే చూశారు. కుళ్ళినదంతా తట్టలతో మోసి చేలకు ఎరువుగా పోసింది. పక్కన చిన్న కొట్టం వేసుకుంది. పగలు కూలికి పోయేది, సందె వాలకముందే వచ్చి ఊడ్చేది.

అయితే దిబ్బలో కుళ్ళేది ఒకటే కాదు గదా, గుచ్చుకునేది కూడా ఉంటుంది. తుమ్మముళ్ళు, పల్లేరుకాయలు, పెంకులు, మేకులు. అవి దొరికినప్పుడు ఉలిగమ్మ ఒక వింత పని చేసేది. పారేయకుండా అరచేతిలో పెట్టుకుని ఇళ్ళమ్మట తిరిగేది.

ఒకరోజు పచ్చ గాజుపెంకులు దొరికాయి. పై వీధి సంజమ్మ ఇంటికి పోయింది. కోడలితో పోట్లాడి గాజులు చిట్లగొట్టుకుని విసిరేసింది సంజమ్మే. ఊరంతా ఎరుగుదురు.

"ఇదెవురిది సంజమ్మా?"

"నాది గాదు" అంది సంజమ్మ.

"అట్లయితే నాదే" అని ఉలిగమ్మ వెళ్ళిపోయింది.

ఇంకోరోజు ఎద్దుకాలి లాడం దొరికింది. నడి వీధిలో చెన్నప్ప ఎద్దు ఒక కాలికి లాడం లేకుండా కుంటుతూనే ఉంది.

"ఇదెవురిది సామీ?"

"నాది గాదు."

"అట్లయితే నాదే."

మరోరోజు వంకర మేకులు దొరికాయి. కింది వీధిలో వడ్రంగి ఈరన్న తప్ప ఆ ఊళ్ళో మేకు పట్టేవాడే లేడు.

"ఇదెవురిది ఈరన్నా?"

"నాది గాదు పోమ్మా."

"అట్లయితే నాదే."

మాట పెంచేది కాదు, మొహం మాడ్చేది కాదు. కొట్టంలోకి పోయి ఒక కాగులో వేసేది. కాగంటే నీళ్ళు పట్టే పెద్ద కుండ. ఊరి బయట కుండలు కాల్చే ఆవం దగ్గర ఉండే కుమ్మరి మద్దిలేటి, బీట వేసిన కాగును ఆమెకు ఊరికే ఇచ్చాడు.

"ముండ్లు కాగులో దాచేదేందక్కా? యాడన్నా పారేయగూడదా?" అని అడిగాడు ఒకసారి.

"యాడ పారేసేది? వీధిలో వేస్తే పిల్లోళ్ళు తొక్కుతారు. చేన్లో వేస్తే సేద్యగాడు తొక్కుతాడు. ఊరి బయట వేస్తే పొరుగూరోళ్ళు తొక్కుతారు. ఏ కాలూ తొక్కని జాగా నాకు కనపడల్యా తమ్ముడూ" అంది.

మద్దిలేటి, ఆ కాగు నిండాక రెండోది ఇచ్చాడు. ఈ సంగతి ఎవరికైనా చెబితే ఆమెను పిచ్చిదంటారని ఎవరికీ చెప్పలేదు.

ఇక ఊరివాళ్ళ సంగతి. కొట్టంలో కాగులు, వాటికి మూతిగుడ్డలు, ఆమె కదిపితే బయటికి వినబడేలా గలగల! చెవులు కొరుక్కోవడానికి ఇంకేం కావాలి? జొన్నలు దాచిందన్నారు పై వీధిలో. చేతబడి, చిల్లంగి పెట్టే సామాన్లన్నారు కింది వీధిలో. దిబ్బలో లంకెబిందె దొరికిందన్నారు నడి వీధిలో. నలుగురికీ నడి వీధి మాటే నచ్చింది. నమ్మారు గానీ, ఒక్కరూ లోపలికి పోయి చూడలేదు.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం పెళ్ళిబండ్లు ఆ దారిన వచ్చాయి. ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి కూడలిలో ఆగాయి. అప్పటికి ఉలిగమ్మ ఆ నేలంతా ఎర్రమట్టితో అలికింది, చుట్టూ బంతిమొక్కలు వేసింది, మధ్యలో ముగ్గు పెట్టింది. మగపెళ్ళివారి ముసలమ్మ బండి దిగి చూసి ముచ్చటపడింది.

"ఎంత బాగుంది! ఇది ఎవురిదమ్మా?"

"మాదే" అంది పై వీధి.

"కాదు, మాది" అంది నడి వీధి.

"మేము ఊడ్చకపోతే ఇట్ల ఉంటుందా?" అంది కింది వీధి.

చీపురు పట్టుకుని పక్కనే ఉలిగమ్మ నిలబడి ఉంది. బండ్లు కదిలిపోయాయి. మాట మాత్రం ఊళ్ళో మిగిలిపోయింది. మాదే అని పదిమందిలో అన్నాక మర్నాడు ఊడ్చకపోతే ఎట్లా? పై వీధివాళ్ళు చీపుర్లతో వచ్చారు. వాళ్ళను చూసి నడి వీధివాళ్ళు నీళ్ళతో వచ్చారు. వాళ్ళిద్దరినీ చూసి కింది వీధివాళ్ళు తట్టలూ పారలూ తెచ్చారు. బడాయికే మొదలుపెట్టారు, నేనేం దాచను. అయినా చేయగా చేయగా చేతులకు అలవాటయింది. వంతులు వేసుకున్నారు. చెత్తకు ఊరి బయట గుంత తవ్వారు. బావి దారి బాగుచేశారు, గోడలకు సున్నం కొట్టారు. ఎవరూ కూలి అడగలేదు, ఎవరూ ఇస్తామనలేదు.

ఆ ఏడే ఉలిగమ్మ మద్దిలేటి దగ్గరికి పోయి మూడో కాగు అడిగింది. బీట వేసింది కాదు, ఈసారి గట్టిది కావాలంది.

జాగా అందరిదీ అయింది. ఉలిగమ్మ మాత్రం ఎవరిదీ కాలేదు. పండగకు పిలిచేవాళ్ళు లేరు. ఎవరింట్లో ఏం జరిగినా ఆమె కబురు అందుకునే మనిషి కాదు. ఆ బాధ ఆమెకు లేదనుకునేరు, ఉంది. ఒకసారి మద్దిలేటితో అంది: "బతికినన్నాళ్ళు ఎట్లనో గడిచిపాయ. పోయిన పొద్దన్నా, ఇది మా మనిషని ఎవురన్నా ఒకరు అంటే సాలు."

ఏళ్ళు గడిచాయి. జుట్టు నెరిసింది, నడుము వంగింది. ఒక పొద్దున కూడలి సగమే ఊడ్చి ఉంది. మిగతా సగంలో ఉలిగమ్మ పడి ఉంది. పక్కన చీపురు ఉంది. ప్రాణం లేదు.

ఊరు చేరింది. పాడె కట్టాలి, మోయడానికి నలుగురు కావాలి. ఆ ఊరి పద్ధతిలో ఎవరి మనిషిని వాళ్ళే మోయాలి.

"ఈమె ఎవురి మనిషి?" అన్నాడు చెన్నప్ప. అప్పటికి అతనూ కర్ర పట్టుకున్న ముసలివాడు.

"మా వీధి గాదు" అంది పై వీధి. "మా వీధీ గాదు" అంది కింది వీధి. నడి వీధి తల దించుకుంది. పొద్దు నెత్తికెక్కింది. ఈగలు వాలుతున్నాయి.

అప్పుడు గుంపులో ఎవరో కాగుల మాట ఎత్తారు.

అంతే! "మా వీధి చివర్లోనే గదా కొట్టం, మా మనిషే" అంది పై వీధి. "మా చేలల్లో గదా కూలి చేసింది, మా మనిషే" అంది నడి వీధి. "మా బావి నీళ్ళు గదా తాగింది" అంది కింది వీధి. ఇందాక ఒక్కరికీ కాని మనిషి ఇప్పుడు మూడు వీధులకూ చుట్టమైంది. అరుపులు పెద్దవయ్యాయి. మద్దిలేటికి కడుపు మండింది. కొట్టంలోకి పోయి మూడు కాగులూ దొర్లించుకుని వచ్చి నడిమధ్య పెట్టాడు.

"చూడండి మీ చుట్టం ఆస్తి!" అని మొదటి కాగు గుడ్డ విప్పి బోర్లించాడు.

ముళ్ళు. కుప్పగా ముళ్ళు, పల్లేరుకాయలు, పెంకులు. రెండోది బోర్లించాడు. అదీ అంతే.

మద్దిలేటి అందరి మొహాలూ చూశాడు.

"ఇవన్నీ మన కాళ్ళలో దిగాల్సినవి. ఇప్పుడు చెప్పండి. ఎవురి మనిషి?"

అప్పుడు ముసలి సంజమ్మ ఒంగి, కుప్పలోంచి పచ్చ గాజుపెంకు ఒకటి తీసింది.

"ఈ గాజులు నావి" అంది. "ఆ పొద్దు అడిగితే నావి గాదన్న్యా. గాజులూ నావే. ఈ మనిషీ నాదే." అక్కడే కూలబడి, కన్నతల్లి పోయినట్టు ఏడ్చింది.

చెన్నప్ప తుప్పు పట్టిన లాడం తీశాడు. "నా ఎద్దుది. మనిషీ నాదే."

ఈరన్న మేకులు ఏరుకున్నాడు. "నావే. మనిషీ నాదే."

"పెంకులు నా ఆవంవే. ఆమె నాకు అక్క" అన్నాడు మద్దిలేటి.

నలుగురయ్యారు. పాడె లేచింది. చెన్నప్ప కర్ర పక్కన పడేసి భుజం పెట్టాడు. సంజమ్మకు బదులు ఆమె కొడుకు భుజం పెట్టాడు. సంజమ్మ ఉలిగమ్మ చీపురు పట్టుకుని ముందు నడిచింది. ఊరంతా చెప్పులు విడిచి వెనక నడిచింది. వల్లకాడి దారి అంటే తుమ్మకంప దారి. ఎప్పుడు ఎవరిని సాగనంపినా కుంటుకుంటూ ఇంటికి రావాల్సిందే. ఆ రోజు అంతమంది పోయి వచ్చారు, ఒక్క కాలిలో ఒక్క ముల్లు దిగలేదు. ఆ దారిని కూడా ఎప్పుడు శుభ్రం చేసిందో ఎవరికీ తెలియదు.

మూడో కాగు సంగతి మరిచిపోయానని అనుకుంటున్నారా? ఊరూ మరిచిపోయింది. తిరిగొచ్చి గుడ్డ విప్పితే అడుగున గుప్పెడు ముళ్ళు ఉన్నాయి, అంతే. అన్నేళ్ళకు గుప్పెడే!

"చూపు తగ్గి ఏరలేకపోయిందేమో" అన్నాడు చెన్నప్ప.

"కాదు" అన్నాడు మద్దిలేటి. "ఈ కాగు ఇచ్చేటప్పుడు నేను అడిగినా. 'ఇది కూడా నింపుతావా అక్కా?' అని. 'నింపేదానికి గాదు తమ్ముడూ, ఇప్పుడు అందురూ ఊడుస్తాండారు, ఇది నిండకుండా ఉంటే చూసుకోని సంతోషపడేదానికి' అనింది."

అప్పటినుంచి ఆ కాగు కూడలిలోనే ఉంది. మొదటిది పగిలితే ఇంకొకటి, అది పగిలితే మరొకటి, ఎప్పుడూ గట్టిదే పెడతారు. దారిలో ముల్లు కనబడితే చిన్నాపెద్దా ఎవరైనా ఏరి అందులో వేస్తారు. ఏడాదికొకసారి, ఆమె పోయిన రోజున, మూడు వీధులూ చేరి మూత తీసి తొంగి చూస్తాయి. గుప్పెడే ఉంటే పాయసం వండుకుంటారు. ఎక్కువుంటే ఆ ఏడు పాయసం లేదు, చీపుర్లు పట్టుకుని బయల్దేరతారు.

ఆ ఊరికి మీరు పోతే ఒక పని చేసి చూడండి. కింద పడిన ఏ చెత్తయినా చేతిలోకి తీసుకుని "ఇదెవరిది?" అని అడగండి. పడేసింది ఎవరైనా కానీ, ముందు విన్నవాళ్ళు చెయ్యి చాచి "నాదే" అంటారు.

నా కథ కాగులో వేశాను, మూత పెట్టాను. ఇక లేచి ఇళ్ళకు పోండి. ఆ నువ్వు కూర్చున్న చోట వేరుసెనగ పొట్టు ఉంది చూడు. అదెవరిది?