పాత నీళ్ళు

విశ్వపతిగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కారు. "చూద్దాం" అనేవారు. అడిగినవాడు ఆ సంగతి మరిచిపోయి హాయిగా తిరుగుతున్నప్పుడు, ఏ కూరగాయల బజారులోనో పట్టుకుని జవాబు చూపించేవారు. అందుకే ఆయన దగ్గర గీత చెప్పించుకునేవాళ్ళు ప్రశ్నలడగడానికి కాస్త జంకేవారు.

ఆ ఏడు వేసవిలో నగరానికి నీళ్ళిచ్చే చెరువు అడుగంటింది. కుళాయి నాలుగు రోజులకోసారి, అదీ గంటసేపు. మోటారు పెట్టి లాగితే కనెక్షన్ కోసేస్తామన్నారు. ఆయన శిష్యుడు పరాంకుశం ఉండే మూడంతస్తుల ఇంట్లో, కింద ఉన్న ఒక్క కుళాయి దగ్గర వాటాకి ఆరు బిందెలని కట్టుబాటు చేసుకున్నారు. ఇంట్లో పసివాడు పుట్టాడని ఏడో బిందె ఇవ్వరు. దాన్ని అమలు చేసే పెద్దరికం పరాంకుశానిది. మనిషి మంచివాడే. ఆ ఏడు మాత్రం అతని మంచితనం కూడా నాలుగు రోజులకోసారే వచ్చేది.

పై వాటా కొండమ్మగారి కోడలు ప్రసవించి పదిహేను రోజులైంది. పసివాడికి ఒళ్ళంతా చెమటకాయలు, ఒకటే ఏడుపు. కుళాయి రేపొస్తుందనగా కొండమ్మగారు సాయంత్రం కిందికి దిగివచ్చింది.

"ఒక్క బిందె ఉంటే ఇప్పించు బాబూ. రెండు రోజుల్నుంచీ పిల్లాణ్ణి తడిగుడ్డతో తుడవడమే. చూళ్ళేకపోతున్నాను."

"మాకే చాలడం లేదండీ" అని పరాంకుశం తలుపు వేశాడు. వేశాడు గాని, ఏడుపు మెట్ల మీదుగా వినిపిస్తూనే ఉంది. మనసు మనసులో లేదు. పాఠానికి వెళ్ళి జరిగిందంతా చెప్పి, "ఎంత ఉంటే చాలుననుకోవాలండీ మనిషి?" అని అడిగాడు.

"చూద్దాం" అన్నారు విశ్వపతిగారు.

ఈసారి ఆయన ఆలస్యం చెయ్యలేదు. మర్నాడు తెల్లవారేసరికి పరాంకుశం వాకిట్లో ఉన్నారు. పరాంకుశం కంగారుగా కుర్చీ తేబోతే వద్దని, మెట్టు మీద కూర్చుని, "నీ పని నువ్వు చూసుకో నాయనా" అన్నారు.

పరాంకుశం పంచె ఎగగట్టి పని మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న, తాత చేసిన పనే. కొత్త నీళ్ళొచ్చే రోజున పాత నీళ్ళు పారబోసి, ఇత్తడి బిందెలు చింతపండుతో తోమి, అప్పుడు పట్టడం. ఒక బిందె మూత తీసి కాలవలో వంచాడు. రెండోది వంచాడు. మూడోదాని మీద చెయ్యి వేశాడు.

"అవేమిటి?" అన్నారు గురువుగారు.

"పాత నీళ్ళండీ. మిగిలిపోయాయి."

"పాతవి ఎప్పుడయ్యాయి?"

పరాంకుశం బిందె మీంచి చెయ్యి తీసేశాడు. నిన్న సాయంత్రం కొండమ్మగారు గుమ్మంలో నిలబడ్డప్పుడు ఈ మూడు బిందెలూ తలుపు వెనకే నిండుగా ఉన్నాయి. అప్పుడవి చాలని నీళ్ళు. తెల్లారేసరికి పారబోసే నీళ్ళయ్యాయి. కాలవ వంక చూశాడు. రెండు బిందెలూ అప్పుడే ఇంకిపోయాయి.

మూడో బిందె భుజానికెత్తుకుని పై వాటాకి ఎక్కాడు. గురువుగారు ఆయాసపడుతూ వెనకే వచ్చారు.

కొండమ్మగారు నిన్నటి మాట ఎత్తనే లేదు. బిందెలో నీళ్ళు గుండిగలో వంపుకుని, కొన్ని గోరువెచ్చగా కాచింది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, మనవణ్ణి వాటి మీద పడుకోబెట్టుకుంది. జారిన నీళ్ళు బట్టలకి పనికొస్తాయని కింద బేసిన్ పెట్టుకుని, చెంబుతో మెల్లగా పోసింది. నాలుగో చెంబుకి పిల్లాడు ఏడుపు మానాడు. పరాంకుశం మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

పిల్లాణ్ణి తల్లికిచ్చి ఆవిడ లేచింది. గుండిగలోంచి చెంబెడు నీళ్ళు ముంచి, ఖాళీ బిందెలో పోసి అతని చేతికిచ్చింది.

"అయ్యో వద్దండీ, మీకే చాలవు" అన్నాడు పరాంకుశం.

"వట్టి బిందె తిరిగి ఇవ్వకూడదు బాబూ."

ఆ చెంబెడూ తొణక్కుండా పట్టుకుని కిందికి దిగాడు. కుళాయి అప్పుడే బుసకొట్టి ధార కట్టింది. వెనక వరసలోవాళ్ళు తొందర పెడుతున్నారు. ఆ నీళ్ళు పారబోసి బిందె కడగాలా, ఏం చెయ్యాలో తెలియక అతను గురువుగారి వంక చూశాడు.

"వాటి మీదే పట్టు నాయనా" అన్నారు విశ్వపతిగారు.