మంచు పట్టిన తలుపు

మంచుకొండల రాజ్యంలో కట్టెలమ్మే పైడమ్మ మొగుడు మంచు తుపానులో చిక్కుకుని, కోట తలుపు తట్టి తట్టి ఆ గుమ్మంలోనే ప్రాణం విడిచాడు. ఆమె మొరపెట్టుకుంటే, "మంచుకు బిగుసుకున్న తలుపు ఎవరు తియ్యగలరు? ఇందులో ఎవరి తప్పూ లేదు" అని తీర్పు చెప్పాడు రాజు.

మరుసటి చలికాలం, వేటలో దారితప్పిన రాజు పైడమ్మ గుడిసె తలుపు బాదాడు.

"రాజును! తలుపు తియ్యి!"

"మంచుకు బిగుసుకుపోయింది మహాప్రభూ!"

"కాచిన ఉప్పునీళ్లు సందుల్లో పోస్తే చిటికెలో వస్తుందే! కోటలో రోజూ చేసే పనే!"

పైడమ్మ నీళ్లు కాచి పోసింది. తలుపు వచ్చింది.

"మరి ఆ రోజు కోట తలుపెందుకు రాలేదు ప్రభూ?" అంటూ, మొగుడు ఆనాడు ఇంట్లో మరిచిపోయిన కంబళి తెచ్చి, వణుకుతున్న రాజుకు కప్పింది.

అదెవరిదని రాజు అడగలేదు.