గొడుగమ్మ కుబుసం

కాకినాడలో భీమశంకరం గారి హాల్లో, టీవీ పక్కన, అద్దాల తొట్టిలో కాస్త సముద్రం ఉండేది. ఉప్పు కలిపిన నీళ్లు, సముద్రపు రాళ్లు, అడుగున తెల్లటి ఇసుక, పైన నీలం దీపం. ఓ మూల చిన్న పంపు రాత్రింబగళ్లు నీళ్లని తోస్తూ అల పుట్టించేది. ఇంటికొచ్చిన చుట్టాలు కాఫీ తాగుతూ "ఎంత ప్రశాంతంగా ఉందండీ" అనేవాళ్లు. అద్దం ఇవతల కూర్చుంటే ఎవరి కాపురమైనా ప్రశాంతంగానే కనిపిస్తుంది మరి.

తొట్టి నడుమ రాతి మీద గొడుగమ్మ ఉండేది. ఆమె మెత్తటి పగడం. పగడమంటే ఉంగరంలో పొదిగే రాయి అనుకునేరు, కాదు, ప్రాణమున్న జీవి. పుట్టగొడుగులా లావుపాటి కాడ, దాని మీద వెడల్పాటి తల, తల నిండా సన్నటి వేళ్లు. అల తగిలితే ఆ వేళ్లన్నీ వరిచేనులా ఊగేవి. తొట్టిలో అందరికంటే పెద్దది ఆమే, ఉన్నచోటి నుంచి కదల్లేనిదీ ఆమే.

ఆమె కాడ మొదట్లో చారలయ్య కాపురం. నారింజ ఒంటి మీద తెల్ల చారల చేప. వాళ్ల జాతిలో గుడ్లు పెట్టడం ఆడదాని వంతు, కాపలా మగవాడి వంతు. పెళ్లాం గుడ్లు పెట్టిన మర్నాడే ఏదో జబ్బు చేసి పోయింది. రాతికి అంటుకున్న ఆ గుడ్లే ఇప్పుడు చారలయ్యకి లోకం. పొద్దస్తమానం రెక్కలతో వాటికి నీళ్లు విసురుతూ ఉండేవాడు. ఈమధ్యే గుడ్లలో నల్లటి కళ్లు కూడా కనిపిస్తున్నాయి.

ఇక గుల్లయ్య. పీత. చచ్చిన నత్త ఒకటి వదిలేసిన గుల్లలో దూరి, దాన్నే వీపున మోసుకు తిరిగేవాడు. సొంతిల్లు లేకపోయినా ఊళ్లోవాళ్ల వంటిళ్ల సంగతులన్నీ అతనికే కావాలి.

రోజూ పొద్దున్నే భీమశంకరం గారు చిటికెడు మేత చల్లేవారు. చారలయ్య అందినంత తినేవాడు. మిగతాది అల మీద తేలుకుంటూ పోయి గొడుగమ్మ తల మీద పడేది. అది చూసి గుల్లయ్యకి కడుపు మండిపోయేది.

"చూశావటే నత్తమ్మా! పనీ పాటా లేకుండా కూచుంది. కూడు కూచున్న చోటికే వస్తోంది. మనం ఉన్న కాళ్లన్నీ అరిగేలా తిరిగినా దొరికేది ఎంగిలి మెతుకులేగా?"

తొట్టి అద్దాల మీద పాకే నత్త ఈ నత్తమ్మ. పాచి గీరుకుంటూ, "నాకీ పాచి చాల్లే నాయనా. ఒకరి విస్తట్లోకి తొంగిచూడ్డం నాకు చేతకాదు" అంది.

ఒకనాడు గొడుగమ్మ చారలయ్యని పిలిచింది.

"అల్లుడూ, నాకు కుబుసం వదిలే వేళైంది. నీకు కొత్త గనక ముందే చెప్తున్నా. ఒళ్లంతా ముడుచుకుపోతాను. పైన మైనంలాంటి పొర కడుతుంది. చూడ్డానికి పీనుగులా ఉంటాను. బెంగపడకు. అల తగులుతుంటే ఆ పొర దానంతటదే ఊడిపోతుంది, మళ్లీ విచ్చుకుంటాను. అల మాత్రం ఆగకూడదు. నా ఒంటి మీద ఎవరి పన్నూ పడకూడదు."

"పడితే ఏమవుతుందత్తా?"

"నాకు కోర లేదు, కొండి లేదు. పారిపోదామంటే కాళ్లు లేవు. దేవుడు నాకిచ్చిందల్లా ఒంట్లో ఇంత విషం. గాయమైతే అది బయటికొచ్చేస్తుంది నాయనా. ఆపడం నా వల్ల కాదు."

"నేనున్నాగా అత్తా, నువ్వు నిశ్చింతగా పడుకో" అన్నాడు చారలయ్య.

గొడుగమ్మ ముడుచుకుంది. వేళ్లన్నీ లోపలికి పోయాయి. ఒళ్లు బూడిదరంగుకి తిరిగింది. ఒకటి రెండు రోజులకి పైన జిగురు పొర మెరవడం మొదలైంది. ఆ పొర ఊడకముందే గుల్లయ్య మెల్లగా ఆమె చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, చారలయ్య దగ్గరికొచ్చి నిట్టూర్చాడు.

"పోయింది పాపం. మంచి మనిషి."

"అవేం మాటలు మామా! కుబుసం వదుల్తోంది. నాతో చెప్పే పడుకుంది."

"చావబోయే ముసలాళ్లు ఎవరైనా చస్తున్నానని చెప్తారా అల్లుడూ? కాస్త నడుం వాలుస్తానే అంటారు. నేను చేపల షాపులో తొట్లు చూసొచ్చినవాణ్ణి. అక్కడా ఇంతే. పగడం కుళ్లింది, పక్కన ఎవరివో గుడ్లుండేవి, తెల్లారేసరికి అన్నీ పాలిపోయాయి. నాకెందుకులే, మంచికి పోతే చెడు ఎదురవుతుందంటారు. నేను వెళ్తా."

"ఆగు మామా. ఏం చెయ్యాలో చెప్పి వెళ్లు."

"ఏముంది? ఆ అలే కదా కుళ్లుని మోసుకొచ్చి నీ పిల్లల మీద పోస్తోంది. దాన్ని ఆపాలి."

"అల ఆగకూడదని అత్త మరీ మరీ చెప్పింది."

"అత్త మాటే వింటావో, పిల్లల్నే కాపాడుకుంటావో నీ ఇష్టం."

చారలయ్య గుడ్ల వైపు చూశాడు. అన్నిట్లోంచీ కళ్లు తన్నే చూస్తున్నట్టనిపించింది. అతను చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. వద్దనకుండా తలొంచుకున్నాడు.

గుల్లయ్యకి అది చాలు. తిన్నగా నత్తమ్మ దగ్గరికి పోయి, "నత్తమ్మా, పంపు మూత మీద లేత పాచి ఎంతుందో చూశావా? నిదానంగా అక్కడే ఉండి తిను. పసివాళ్ల ప్రాణాలు నిలబెట్టిన పుణ్యం కూడా నీదే" అన్నాడు. ఎవరికీ చెడు చెయ్యడం ఎరగని నత్తమ్మ పాక్కుంటూ పోయి పంపు నోటికి అడ్డంగా కూర్చుంది. పంపు గురకపెట్టి ఆగింది. అల చచ్చిపోయింది.

మర్నాడు మేత ఎక్కడికీ కొట్టుకుపోకుండా నిట్టనిలువునా ఇసుక మీదికే దిగింది. గుల్లయ్య గుల్ల పట్టనంతగా తిన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

గొడుగమ్మ పొర మాత్రం ఊడలేదు. ఒంటికే అంటుకుపోయి, దాని కింద చర్మం నిజంగానే కుళ్లసాగింది. చారలయ్య గుడ్లకి విసురుతుంటే కాడలోంచి సన్నగా మాట వినిపించింది.

"అల ఏదల్లుడూ? ఊపిరాడ్డం లేదు. అల ఏదీ?"

చారలయ్య విసరడం ఆపేశాడు. గుల్లయ్య దగ్గరికి పరుగెత్తాడు. "మామా, అత్త మాట్లాడింది!"

"కుళ్లిన ఒంట్లోంచి బుడగలొస్తాయిరా పిచ్చోడా, ఆ చప్పుడది. ఇంకా అనుమానమైతే ఆ పొర పీకి చూడు. చచ్చిందో బతికిందో నీ కళ్లకే తెలుస్తుంది."

చారలయ్య పొర అంచు నోట కరిచి లాగాడు. పొరతోపాటు మాంసం లేచొచ్చింది.

"వద్దన్నాను కదయ్యా" అంది గొడుగమ్మ. ఆమెకి కోపం కూడా రాలేదు, ఏడుపొచ్చింది.

విషం నీళ్లలోకి దిగింది. మామూలుగా అయితే ఇలాంటివి పీల్చుకోవడానికే తొట్టి వెనక బొగ్గు సంచి ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆ బొగ్గు ఎప్పుడో పాడైంది. మారుద్దాంలే, వచ్చే ఆదివారం చూద్దాంలే అని భీమశంకరం గారు చాలా ఆదివారాలు పడుకునే గడిపారు. కదలని నీళ్లలో విషం ఎటూ పోక గొడుగమ్మ కాడ మొదట్లోనే పేరుకుంది. గుడ్లున్నదీ అక్కడే.

తర్వాత జరిగింది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, అయినా చెప్పాలి. గుడ్లలో కళ్లు ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. చారలయ్య రెక్కలు విసురుతూనే ఉన్నాడు. అన్నీ తెల్లబడ్డాక కూడా విసిరాడు. వెల్లకిలా తేలేదాకా విసురుతూనే ఉన్నాడు. విషం మెల్లగా పంపు దాకా పాకింది. నత్తమ్మ పట్టు తప్పి మూత మీంచి రాలిపోయింది, మళ్లీ లేవలేదు. పంపు తిరగడం మొదలెట్టింది. ఇప్పుడు దాని అల ఎవరికి కావాలి?

గుల్లయ్యకి మాత్రం ఏమీ కాలేదు. వాసన తగలగానే పంపు తీగ పట్టుకుని నీళ్ల పైకి పాకి, కొండితో గుల్ల తలుపు మూసుకున్నాడు.

భీమశంకరం గారు చూసి నెత్తి కొట్టుకున్నారు. చచ్చినవాళ్లని వలతో తీసేశారు. సగం నీళ్లు తోడి కొత్త ఉప్పునీళ్లు పోశారు, కొత్త బొగ్గు కట్టారు. రాళ్లూ అద్దాలూ బ్రష్షుతో పాచి లేకుండా తోమారు. గొడుగమ్మలో కుళ్లిందంతా బ్లేడుతో కోసి పారేసి, బొటనవేలంత మంచి ముక్క మిగిలితే దాన్ని రాతికి దారంతో కట్టారు. చేపలు లేని తొట్టికి మేత ఎందుకని డబ్బా అటకెక్కించారు. పగడం ముక్క కోసం నీలం దీపం మాత్రం వెలిగిస్తున్నారు.

గుల్లయ్య రోజూ పొద్దున్నే మేత పడే చోటికి వచ్చి నించునేవాడు. ఏమీ పడేది కాదు. అద్దం మీద కొండితో టకటకా కొట్టేవాడు. హాల్లో టీవీ చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు. మొదట్లో ఒళ్లు గుల్లకి బిగుతుగా ఉండేది, ఇప్పుడు గుల్లలో ఒళ్లు గలగలలాడుతోంది.

ఒకనాడు పగడం ముక్క చిన్న చిన్న వేళ్లు విప్పి అలలో ఊగడం చూశాడు. ఆకలి కంటే ఆ దృశ్యమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

"ఊగవే ఊగు. మేత మానేశాడు మహానుభావుడు. నా వెనకే నువ్వూ చస్తావు."

"నేను మేత మీద ఎప్పుడు బతికాను గుల్లయ్యా?" అంది గొడుగమ్మ. గొంతు ముక్కంతే ఉంది. "నాది వెలుగు మీద బతుకు. తల మీద పడ్డదాంట్లో ఒకటో రెండో తినేదాన్ని. మిగిలిందంతా దీపం ఆరాక ముడుచుకుంటూ కిందికి రాల్చేసేదాన్ని. రోజూ నా కాడ మొదట్లో చేరి ఏరుకుతిన్నదెవరు?"

గుల్లయ్య గుల్లలోకి ముడుచుకున్నాడు.

"అసలా మేత వేసింది నీకూ కాదు, నాకూ కాదు. ఆ పిల్లాడికి. వాడి గుడ్లు ఇంకాస్త ఆగితే పగిలేవి" అని, ఆమె ఇంక అతనితో మాట్లాడలేదు.

కొన్నాళ్లకి ఇసుక మీద గుల్ల ఒకటి బోర్లాపడి ఉండడం చూసి, భీమశంకరం గారు ఒట్టి గుల్లే అనుకుని అందంగా ఉంటుందని అక్కడే వదిలేశారు.

అందుకే పెద్దలు పిల్లలకి కంచం ముందు చెప్పేదొక్కటే: ఎదుటివాడి కూడు చూసి ఏడ్చేవాడికి తన కూడు ఎవరి వల్ల వస్తోందో కనపడదు.