గురువుగారి పెసరట్టు

నాకు పరిచయం లేని శాస్త్రం ఈ భూమ్మీద లేదు. ఆ పరిచయం ప్రతిదానితోనూ మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోయిందన్నది వేరే సంగతి.

ఆ ఏడు విశ్వవిద్యాలయంలో సీటొచ్చింది. ఏ శాఖలో చేరతానో మర్నాడు సాయంత్రంలోగా చెప్పకపోతే అది పోతుంది. ఇంకో ఏడాది కూర్చోబెట్టి మేపలేనని నాన్న అప్పటికే తేల్చేశాడు. చరిత్ర అనుకుంటే వృక్షశాస్త్రం పోతుంది, వృక్షశాస్త్రం అంటే నక్షత్రాలు పోతాయి. ఏ ఒక్కటి పట్టుకున్నా మిగతావాటికి నా చేత్తోనే తలకొరివి పెట్టినట్టుంది. నిద్ర పట్టక, అన్నం సయించక, చివరికి మా గురువుగారు దక్షిణామూర్తిగారి దగ్గరికి వెళ్లాను. ఆయన జన్మంతా తర్కశాస్త్రం చెప్పినవారు. పక్క శాస్త్రం వైపు కన్నెత్తి చూడలేదని ఊళ్లో ప్రతీతి.

“అన్నీ ఇష్టమైనవాడు ఒక్కటి ఎలా ఎంచుకోవాలి గురువుగారూ?” అన్నాను.

అడిగినదానికి బదులివ్వకుండా బయల్దేరడం ఆయన అలవాటు. చెప్పులు వేసుకున్నారు.

వీధి చివర టిఫిన్ హోటల్లో కూర్చున్నాం. సర్వరు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు: ఇడ్లీ, గారె, పూరీ, పెసరట్టు, దోశ, ఇంకా ఏవేవో. గురువుగారు ఏదో చెప్పారు. గారెకీ దోశకీ మధ్య నలుగుతున్న నేను అది వినలేదు. నన్నడిగితే ఒక్క నిమిషం ఆగమన్నాను. మళ్లీ వచ్చినప్పుడు, ఇంకోసారి మొదట్నుంచీ చెప్పమన్నాను. ఈలోగా గురువుగారి ముందుకి పెసరట్టు వచ్చింది. ఆయన ఒక్కో ముక్కా అల్లం పచ్చడిలో అద్దుకుని, లోకంలో వేరే టిఫిన్లు పుట్టనే లేదన్నట్టు తిన్నారు. తీరా నేను నోరు తెరిచేసరికి సర్వరు తల అడ్డంగా ఊపాడు.

“పొయ్యి కట్టేశాం బాబూ. ఇందాకట్నించీ అడుగుతూనే ఉన్నాను గదా.”

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అల్లం పచ్చడి ఘాటనుకుందాం, నేను తినకపోయినా. నా ముందున్న ఖాళీ బల్ల మీద రేపటి సాయంత్రం స్పష్టంగా కనిపించింది.

“మీకేం గురువుగారూ. తర్కం కావాలనుకున్నారు, తర్కం చదువుకున్నారు. ఏం కావాలో తెలియనిది నాకే,” అన్నాను.

ఆయన ఖాళీ అయిన తన ప్లేటుని నా వైపు జరిపారు. తర్వాత, సర్వరుకి వినపడకుండా గొంతు తగ్గించి అన్నారు:

“నేను చెప్పింది పూరీ, నాయనా. వాడు ఇది తెచ్చాడు. చల్లారిపోతుందని తినేశాను.”