బండ ఎక్కని అలుగు

కుంకుళ్లకోన అనే అడవిలో నెమళ్లు, కుందేళ్లు, ఉడతలు, వడ్రంగిపిట్టలు, అలుగులు, ఇంకా ఎన్నో జీవాలు ఉండేవి. ఆదివారం పొద్దెక్కగానే అన్నీ పెద్ద ఇప్పచెట్టు కింద చేరి, తమను పుట్టించిన దేవుణ్ణి స్తుతించేవి. చెట్టు పక్కన ఒక నల్లబండ ఉంది. గొడవంతా ఆ బండ దగ్గరే మొదలైంది.

ఆ సంఘానికి పెద్ద ఆశీర్వాదం అనే నెమలి. పింఛం ఎంత పొడుగో, పొగరు అంతకు రెండింతలు. ఏడాదికోసారి ‘వరాల ఆదివారం’ పెట్టేవాడు. ఆ రోజు ఒక్కొక్కరూ బండెక్కి, దేవుడు తమకిచ్చిన వరం ఏదో అందరికీ చూపించాలి. పాడినవాళ్లకూ, ఆడినవాళ్లకూ, గొంతు చించుకుని ప్రార్థన చేసినవాళ్లకూ ముందు వరుస. చూపించడానికేమీ లేనివాళ్లు ముళ్లకంపల వెనక కూర్చోవాలి. దేవుడు బండ మీద పనికొచ్చే వరాలే ఇచ్చాడని ఎవరు చెప్పారో ఏమో! ఆ మాట అడగడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

ఆ ఏడు సుగుణమ్మ అనే అలుగు బండెక్కింది. ఒళ్లంతా పొలుసులు, సన్నటి మూతి, పొడుగాటి గోళ్లు. రోజూ ఇప్పచెట్టు మొదట్లో తవ్వుకుని చెదలు తినడం తప్ప ఆమెకు వేరే పని తెలియదు. పాడదామని నోరు తెరిస్తే ‘బుస్’మని గాలి తప్ప ఏమీ రాలేదు. కుందేళ్లు పొట్టలు పట్టుకుని నవ్వాయి.

“నీకు వరం లేదులే సుగుణమ్మా, దిగు!” అన్నాడు ఆశీర్వాదం. “ఇంకో మాట. రేపటినుంచి ఈ చెట్టు దగ్గర తవ్వకాలు బంద్. నీ దుమ్మంతా నా పింఛం మీదే పడుతోంది. ఇది ఆరాధన స్థలమా, నీ వంటిల్లా?”

“అది నా తిండి అయ్యగారూ…” అంది సుగుణమ్మ.

“కొండ అవతలకు పోయి తిను!”

సుగుణమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. నెమలి మీద కోపం, నవ్వినవాళ్ల మీద కోపం. అన్నిటికంటే ఎక్కువగా దేవుడి మీద కోపం. “అందరికీ ఇచ్చి నాకొక్కదానికే చెయ్యి ముడుచుకున్నావా? ఇవ్వనివాడివి పుట్టించడం ఎందుకు?” అని పైకి చూసి అరిచింది. కొండ అవతలకు వెళ్లిపోయి, ఒళ్లు ముద్దలా చుట్టుకుని పడుకుంది. ఆకలేస్తే లేవడం, మళ్లీ చుట్టుకోవడం. ఆదివారాలు ఒకటొకటిగా గడిచిపోయాయి. ఆమె అటువైపు తొంగి కూడా చూడలేదు.

ఒకరోజు పొద్దున్నే వడ్రంగిపిట్ట మార్తమ్మ రొప్పుతూ ఎగిరొచ్చింది.

“వదినా, లే! ఇప్పచెట్టు మోగుతోంది. ముక్కుతో కొడితే డొల్లగా మోగుతోంది. వేళ్లనిండా చెదలు పట్టాయి. తొర్రలో నా పిల్లలు ముగ్గురున్నారు. ఇంకా రెక్కలు రాలేదు. నువ్వొచ్చి తవ్వకపోతే చెట్టు కూలుతుంది!”

సుగుణమ్మ చుట్టుకున్న ఒళ్లు విప్పలేదు. “వరం లేనిదాన్ని కదా! పో, మీ అయ్యగారిని పింఛం విప్పి ఆడమను. చెదలు సిగ్గుపడి పారిపోతాయి.”

మార్తమ్మకు కడుపు మండిపోయింది. “ఛీ! నీ అలక నా పిల్లల మీద చూపిస్తావా? ఇన్నేళ్లూ ఆ చెట్టు ఎందుకు నిలబడిందనుకున్నావు? నువ్వు తవ్వావు కాబట్టి! నువ్వు మానేశావు, అది డొల్ల అయింది. వరమంటే ఇంకేం ఉంటుందే పిచ్చిదానా? నలుగురూ చప్పట్లు కొట్టాలని దేవుడు నీకు ఆ గోళ్లివ్వలేదు. నా పిల్లలు బతకాలని ఇచ్చాడు!”

ఆ మాట సూటిగా తగిలింది. సుగుణమ్మ దిగ్గున లేచింది. ఈసారి కోపం తన మీదే వచ్చింది. ‘తిండి అనుకున్నానే తప్ప, ఈ గోళ్లు ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో ఒక్కరోజన్నా ఆలోచించానా? ఒకడు కాదన్నాడని మూతి ముడుచుకుని పడుకున్నాను’ అని తిట్టుకుంటూ పరుగెత్తింది.

అది ఆదివారమే. ఆశీర్వాదం బండ మీద పింఛం విప్పుకుని ఉన్నాడు. సుగుణమ్మ ఎవర్నీ అడగకుండా చెట్టు మొదట్లో గోళ్లు దించింది. మట్టి లేచింది.

“ఆపు!” అని అరిచాడు ఆశీర్వాదం. “ఆరాధన మధ్యలో దుమ్ము లేపుతావా? సిగ్గు లేదూ?”

“లేదు! ఉన్న సిగ్గంతా ఆ రోజు నీ బండ మీదే పోయింది,” అంది సుగుణమ్మ, తల కూడా ఎత్తకుండా. “చెట్టు డొల్లయింది. అందరూ దూరం జరగండి!”

“అబద్ధం! ఈ చెట్టుకేమీ కాలేదు, చూడండి!” అంటూ ఆశీర్వాదం ఎగిరి, అన్నిటికంటే పై కొమ్మ మీద వాలాడు. మార్తమ్మ “వద్దయ్యగారూ!” అంటున్నా వినకుండా గెంతాడు. చెదలు తినేసిన కొమ్మ ఫెళ్లున విరిగింది. కొమ్మతోపాటు ఆయనగారు కూడా వెళ్లి ముళ్లకంపల్లో పడ్డారు. ప్రాణం దక్కింది. పింఛంలో మూడు ఈకలు మిగిలాయి.

సుగుణమ్మ ఇవేమీ చూడలేదు. ఒక్కొక్క వేరు కింద తవ్వుతూ, పొడుగాటి నాలుకతో చెదలను నాకేస్తూ పోయింది. మధ్యాహ్నానికి చెదపుట్ట అడుగున బొద్దుగా ఉన్న రాణిచెద దొరికింది. దాన్నీ మింగేసింది. చెట్టు నిలబడింది. తొర్రలో మార్తమ్మ పిల్లలు ఆకలికి కీచుకీచుమన్నాయి.

మరుసటి ఆదివారం కుందేళ్లు తలలు వంచుకుని వచ్చాయి. “సుగుణమ్మత్తా, బండెక్కి నీ వరం గురించి సాక్ష్యం చెప్పు. అందరం చప్పట్లు కొడతాం,” అన్నాయి.

“మీ చప్పట్లు మీ దగ్గరే పెట్టుకోండి!” అని కసిరింది సుగుణమ్మ. “ముళ్లకంపల వెనక ఎంతమందిని కూర్చోబెట్టారు? వెళ్లి వాళ్లను ముందుకు పిలవండి. రోజూ ఏం చేస్తారో ఒక్కొక్కర్నీ అడగండి. నాకు తీరిక లేదు, ఉత్తరం వైపు వేరు ఇంకా మిగిలింది.”

అని మళ్లీ మట్టిలోకి దూరింది.

నీతి: దేవుడు వరాలిచ్చేది పదిమందికి చూపించుకోవడానికి కాదు, పదిమందిని నిలబెట్టడానికి. ఎవరూ మెచ్చలేదని అలిగి నీ వరాన్ని దాచకు. కంటికి ఆనలేదని ఎదుటివారి వరాన్ని తోసెయ్యకు.