దస్తగిరి ఉప్పు పొట్లం

దస్తగిరి చేసేది పైకి చిన్న పనే. కంప్యూటర్ తెరమీద కిటికీలు, మీటలు, అక్షరాలు గీసిపెట్టే సరంజామా ఒకటి ఎక్కడో దూరదేశంలో కొందరు తయారుచేశారు. వేరే కంప్యూటర్ భాషలో రాసుకునేవాళ్లు దాన్ని వాడుకోవాలంటే మధ్యలో ఒక దుబాసీ ఉండాలి. ఆ దుబాసీ ప్రోగ్రామును రాసిందీ, ఏళ్ల తరబడి సాకుతున్నదీ దస్తగిరి. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఉచితం కదా అని తిట్టేవాళ్లేమీ తగ్గరు.

ఆ గురువారం దర్గాకు వచ్చేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. గురువు ఖాదరయ్య ముందు కూర్చుని గోడు వెళ్లబోసుకున్నాడు. అసలు సరంజామాలో అక్షరాలు మరీ చిన్నవిగా పడేవి. వాళ్లకు చెబితే ఏమనుకుంటారోనని, తన ప్రోగ్రాములోనే గుట్టుగా వాటిని పెద్దవి చేసి అందించేవాడు. అలాంటి సర్దుబాట్లు ఇంకా చాలా ఉన్నాయి. మొన్న అవతలివాళ్లు తమ తప్పు తామే దిద్దుకున్నారు. వాళ్లు పెంచింది, ఇతను పెంచింది కలిసి అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. ఇతని ప్రోగ్రాము వాడే ఒక ఆసుపత్రి తెరమీద మందుల పేర్లు సగమే కనబడ్డాయట. ప్రోగ్రాము పాత ప్రతికి మళ్లమని వాళ్లకు చెప్పి అప్పటికి గండం గట్టెక్కించాడు గానీ, ఆనాటి నుంచి అన్నం సయించడంలేదు.

“మేలు చేయబోతే చేతులు కాలె సామీ. రేపటితో ఇది వదిలేస్తా,” అన్నాడు.

ఖాదరయ్య లేచి వంటసాలలోకి పోయి, పొయ్యి దగ్గరున్న ఫక్కీరమ్మతో ఏదో మాట చెప్పి వచ్చాడు.

“బంతి కూర్చుంటాంది. పోయి వడ్డించు,” అన్నాడు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారు. దర్గాలో గురువారం అన్నదానానికి ఆ మనవాడు దస్తగిరే. ఫక్కీరమ్మ పప్పులో ఎప్పుడూ ఉప్పు తక్కువ వేస్తుంది. చెబితే చిన్నబుచ్చుకుంటుందని, అతను జేబులో ఉప్పు పొట్లం పెట్టుకుని వస్తాడు. దారిలో వేపచెట్టు చాటున బకెట్లో ఇంత పోసి గరిటె తిప్పుతాడు. అంత దిగుల్లోనూ ఆ రోజు చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

మొదటి ముద్దకే బంతిలో తలలు లేచాయి. ఒకాయన చెంబెడు నీళ్లు గటగటా తాగేశాడు. సముద్రం వండినావా తల్లీ అని చివరి నుంచి ఎవరో అననే అన్నారు. ఫక్కీరమ్మ గరిటెతోనే బయటికొచ్చింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“ఈ పొద్దు సరిగానే ఏసినా. తక్కువైతాందని ఇప్పుడే సామి చెప్పె. ఇన్నేండ్లలో ఇంకొక్కరన్నా చెప్తిరా నాకు?”

దస్తగిరికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. జేబులోంచి పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పొట్లాన్ని చూసింది, అతన్ని చూసింది, “నీ పాసుగూల” అని ముద్దుగా తిట్టి నవ్వేసింది. ఉప్పు వేయని ఉడికిన పప్పు ఇంకొంత తెచ్చి బకెట్లో పోసింది. బంతి మళ్లీ సాగింది.

ఖాదరయ్య తన విస్తరి ముందు కూర్చుంటూ అన్నాడు. “తక్కువైతే పొయ్యికాడ చెప్పల్ల నాయనా. బకెట్లో వండగూడదు.”

ఇంటికి పోయి దస్తగిరి తన సర్దుబాట్లన్నీ ఒక్కొక్కటే పీకేశాడు. ఇంకా మిగిలిన తప్పులేమిటో సరంజామా చేసినవాళ్లకే విడమరిచి రాశాడు. ఇంతవరకు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదే అని జవాబొచ్చింది. కొత్త ప్రతిలో మందుల పేర్లు చక్కగా కనబడుతున్నాయని ఆసుపత్రివాళ్లు కబురుపెట్టిన పూట అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆకలి కూడా వేసింది.

మరుసటి గురువారం బకెట్టు మోసుకొస్తుంటే వేపచెట్టు కింద ఖాదరయ్య ఎదురుపడ్డాడు.

“ఉప్పెట్లుంది?”

“రవ్వంత తక్కువుండె సామీ. ఫక్కీరమ్మకు చెప్పినా.”

“ఏమనె?”

దస్తగిరి మొహమంతా నవ్వు.

“తిట్టె సామీ. తిట్టి, ఏసె.”